బొమ్మ ముందు నిలబడి భాష నేర్చుకోవాలంటే: టూరా, క్లాసా, ఆడియో గైడా, తోడుగా ఒక మనిషా?

స్పానిష్ మొదలుపెట్టిన ఏడాదికి ధైర్యం చేసి ఒక మ్యూజియంలో స్పానిష్ గైడెడ్ టూర్‌కి టికెట్ తీసుకున్నాను. గంటన్నర టూరు. గైడు మంచి మాటకారి. గొంతు ఖంగుమంటోంది, చేతులు తిప్పుతూ కథలా చెబుతోంది. నాకు మాత్రం మొత్తం మీద మూడు మాటలు తెలిశాయి: ఇక్కడ, అప్పుడు, రాజు. అందరూ నవ్వినప్పుడల్లా నేనూ నవ్వాను. చివర్లో ఆవిడ నావైపు తిరిగి నెమ్మదిగా ఏదో అంది. మెచ్చుకుంటోందనుకుని "గ్రాసియాస్" అన్నాను. నేల మీద గీత దాటి బొమ్మకు మరీ దగ్గరగా నిలబడ్డానని, వెనక్కి జరగమని చెబుతోందట.

తప్పు ఆవిడది కాదు. టూరు బాగానే ఉంది, నా లెవెల్‌కి అది పనికిరాదు, అంతే. తర్వాత కొన్నేళ్లలో ఆడియో గైడ్‌తో తిరిగాను, భాష నేర్చుకునేవాళ్ల కోసం మ్యూజియంలు పెట్టే క్లాసులకు వెళ్లాను, ట్యూటర్‌ని వెంటబెట్టుకుని వెళ్లాను, ఇంట్లో కూర్చుని స్క్రీన్ మీద బొమ్మలు చూస్తూ కూడా ప్రయత్నించాను. అన్నీ "కళ ద్వారా భాష" అనే పేరుతోనే అమ్ముడవుతాయి. లోపల జరిగే పని మాత్రం దేనికది వేరు.

డబ్బు కట్టే ముందు నేనిప్పుడు వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఆ గంటలో మాట్లాడేది ఎవరు? పదిహేను మంది ఉన్న టూరులో మాట్లాడేది గైడు. ఎనిమిది మంది ఉన్న క్లాసులో టీచరు నోరు మెదపకపోయినా మీ వాటా గంటలో ఏడున్నర నిమిషాలు. ఒక్క మనిషితో వెళ్తే అరగంట. ఆడియో గైడ్‌తో సున్నా. మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

గైడెడ్ టూర్

బీ1 లెవెల్ దాటనివాళ్లు దీని జోలికి పోవద్దని నా సలహా. బీ1 అంటే రోజువారీ సంగతులు తడుముకుంటూనైనా చెప్పగలిగే స్థాయి. దానికి కింది మెట్టు ఏ2, పై మెట్టు బీ2. గైడు మాట్లాడేది పుస్తకంలో భాష కాదు. మధ్యలో జోకులు, రాజవంశాల చుట్టరికాలు, ఆగకుండా సాగే వాక్యాలు ఉంటాయి. అర్థం కాకపోతే వెనక్కి తిప్పే బటన్ ఉండదు. పైగా ప్రతి పది నిమిషాలకూ బొమ్మ మారిపోతుంది కాబట్టి ఒక బొమ్మ దగ్గర విన్న మాట ఇంకో బొమ్మ దగ్గర మళ్లీ వినబడుతుందన్న హామీ లేదు.

బీ1 దాటినవాళ్లకు మాత్రం ఒక చిట్కా ఉంది. ఒకే టూరుకి రెండుసార్లు వెళ్లండి. చాలా మ్యూజియంలలో ముఖ్యమైన బొమ్మలు చూపించే టూరు ఒకటి ఉంటుంది. గైడు మారినా ఆగే చోట్లు ఇంచుమించు అవే. మొదటిసారి కథ తెలుస్తుంది, రెండోసారి ఆ కథను ఏ మాటల్లో చెబుతున్నారో వినబడుతుంది. చూసిన సినిమాను సబ్‌టైటిల్స్ తీసేసి మళ్లీ చూసినట్టు.

ఆడియో గైడ్

ఇది ఒంటరివాళ్లకు, సిగ్గరులకు. ఆపొచ్చు, వెనక్కి తిప్పొచ్చు, ఎవరూ మీ మొహం చూడరు. మాట్లాడటం అలవాటు కాదు, అది ఒప్పుకుని తీసుకోవాలి.

చాలామందికి తట్టని విషయం ఏంటంటే, పెద్దల ఆడియో గైడ్ ఎందుకు? పిల్లల వెర్షన్ ఉందేమో అడగండి. వాక్యాలు పొట్టిగా ఉంటాయి, ప్రశ్నలు వేస్తారు, "ఆ మూలన ఉన్న పిల్లిని చూశావా" అని చూపు నడిపిస్తారు. ఏ2 స్థాయికి అది అచ్చంగా సరిపోతుంది. కౌంటర్ దగ్గర పెద్దమనిషి పిల్లల గైడ్ అడిగితే ఒక చూపు చూస్తారు, చూడనివ్వండి. జర్మన్ నేర్చుకునేవాళ్లకు ఇంకో దారి కూడా ఉంది. అక్కడ "లైఖ్టె ష్ప్రాఖె" అని, అంటే సులభ భాష అని ఒక పద్ధతి ఉంది. చదవడం కష్టమయ్యేవాళ్ల కోసం పొట్టి వాక్యాలతో, తేలిక మాటలతో రాసే నియమాలవి. కొన్ని మ్యూజియంలు ఆ భాషలో కరపత్రాలు, ఆడియో కూడా ఇస్తాయి. ఫ్రెంచ్‌లో దీన్ని "ఫాల్క్" అంటారు, స్పానిష్‌లో "లెక్తూరా ఫాసిల్". విదేశీ విద్యార్థుల కోసం తయారు చేసినవి కావు గానీ మనకు బాగా పనికొస్తాయి.

ఒక జాగ్రత్త. ముందు ఇంగ్లీషులో విని తర్వాత ఫ్రెంచ్‌లో వినొద్దు. అర్థం తెలిసిపోయాక చెవి బద్ధకిస్తుంది. ముందు ఫ్రెంచ్‌లో రెండుసార్లు, కళ్లు బొమ్మ మీదే పెట్టి వినండి. ఇంగ్లీషు ఆఖర్న, అదీ మరీ తేలకపోతేనే.

భాష నేర్చుకునేవాళ్ల కోసం మ్యూజియం పెట్టే క్లాసు

ఇవి ఎక్కువగా కొత్తగా ఆ దేశానికి వచ్చి స్థిరపడుతున్నవాళ్ల కోసం నడుస్తాయి. లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం ఇంగ్లీషు నేర్చుకునే పెద్దల కోసం ఇలాంటి కార్యక్రమాలు నడుపుతుంది. ఊరు ఏదైనా, నడిపే పద్ధతి ఏంటో ముందే కనుక్కోవాలి. ఎందుకంటే పేరు క్లాసే అయినా లోపల గైడెడ్ టూర్‌నే నెమ్మదిగా చెప్పేవి కొన్నుంటాయి. నేను వెళ్లిన ఒక క్లాసులో టీచరు ముప్పై పదాల జాబితా పంచి, ఒక్కో పదం చదివించి, ఆ తర్వాత పది నిమిషాలు మాత్రం గ్యాలరీలోకి తీసుకెళ్లింది. ఆ జాబితా బయట బెంచీ మీద కూర్చుని చదువుకున్నా అంతే.

మంచి క్లాసు ఎలా ఉంటుందో చెప్పాలంటే విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ అనే పద్ధతి గురించి చెప్పాలి. మనస్తత్వ శాస్త్రవేత్త ఆబిగెయిల్ హౌసెన్, న్యూయార్క్‌లోని మోమా మ్యూజియంలో విద్యా విభాగం చూసిన ఫిలిప్ యెనవైన్ కలిసి రూపొందించారు. అసలు ఉద్దేశం భాష కాదు, బొమ్మను సొంతంగా చూడటం నేర్పడం. అందులో ప్రశ్నలు మూడే. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నారు? ఇంకా ఏం కనిపిస్తోంది? నడిపేవాళ్లు చిత్రకారుడి పేరు చెప్పరు, ఏ సంవత్సరమో చెప్పరు, తప్పు ఒప్పు అనరు. మీరన్న మాటను తిరిగి ఇంకాస్త చక్కగా అంటారు, అంతే.

భాష నేర్చుకునేవాడికి బంగారం ఆ ఆఖరి పనిలోనే ఉంది. మీరు "మనిషి... కోపం... చెయ్యి పైన" అని ముక్కలుగా అన్నారనుకోండి. ఆవిడ బొమ్మలో ఆ చెయ్యి వైపు చూపిస్తూ "అంటే, ఈయన చెయ్యి పైకెత్తాడు కాబట్టి కోపంగా ఉన్నాడని మీకు అనిపిస్తోంది" అంటుంది. మీ భావం మీదే, వాక్యం మాత్రం సరైనది. తప్పు దిద్దినట్టు అనిపించదు, టెన్షన్ ఉండదు, సరైన రూపం మాత్రం సరిగ్గా అవసరమైన క్షణంలో చెవిన పడుతుంది. ఇక రెండో ప్రశ్న మిమ్మల్ని "ఎందుకంటే" దగ్గరికి లాగుతుంది. "ఎందుకంటే" అన్నాక పొడి పదాలతో పని జరగదు, వాక్యం కట్టాల్సిందే.

కాబట్టి క్లాసులో చేరే ముందు రెండు విషయాలు అడగండి. గంటలో ఎన్ని బొమ్మలు చూస్తాం? ఎంతమంది ఉంటారు? రెండు మూడు బొమ్మలు, పది మందిలోపు అంటే చేరిపోండి. పన్నెండు బొమ్మలు, ఇరవై మంది అంటే అది టూరే.

తోడుగా ఒక మనిషి

నా ఓటు దీనికే. ట్యూటర్ కావచ్చు, మీ భాష నేర్చుకుంటూ తన భాష నేర్పే స్నేహితుడు కావచ్చు. గది మధ్యలో కాఫీ తాగుతూ "ఈ వారం ఏం చేశావు" అని మొదలయ్యే సంభాషణ పది నిమిషాల్లో ఎండిపోతుంది. బొమ్మ ముందు అలా కాదు, మాటల్లేనప్పుడు వేలు చూపించొచ్చు.

ఒక్క బొమ్మ ఎంతవరకు లాగొచ్చో చూడండి. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో వెలాస్కెస్ 1656లో వేసిన "లాస్ మెనీనాస్" ఉంది. మధ్యలో చిన్న రాకుమారి, అటూ ఇటూ ఇద్దరు చెలికత్తెలు, ఎడమవైపు పెద్ద కాన్వాసు ముందు కుంచెతో చిత్రకారుడే నిలబడి ఉంటాడు. కుడివైపు ముందు ఒక కుక్క పడుకుని ఉంటే, పిల్లాడిలా కనిపించే ఒక మరుగుజ్జు దాని మీద కాలు పెట్టాడు. వెనక గోడకు అద్దం, అందులో రాజూ రాణీ లీలగా కనిపిస్తారు. ఇంకా వెనక, తెరిచిన తలుపు దగ్గర మెట్ల మీద ఒకాయన.

స్పానిష్ మొదలుపెట్టి రెండు నెలలైనవాడికి ఇందులో పని ఏంటంటే, ఎవరు ఎక్కడున్నారో చెప్పడం. స్పానిష్‌లో "ఉండటం" అనేదానికి రెండు క్రియలు, సెర్, ఎస్తార్. మనుషులు, వస్తువులు ఎక్కడున్నాయో చెప్పడానికి ఎస్తార్. రాకుమారి "ఎస్తా ఎన్ ఎల్ సెంత్రో", కుక్క "ఎస్తా దెలాంతె", తలుపు దగ్గరాయన "ఎస్తా అల్ ఫోందో". మధ్యలో, ముందు, వెనకాల. పదకొండు మంది మనుషులు, ఒక కుక్క. అన్నిసార్లు ఎస్తార్ అన్నాక ఇక అది మరిచిపోరు. వ్యాకరణం పుస్తకంలో పట్టిక చూసి నేను మూడుసార్లు మరిచిపోయాను.

ఆరు నెలలైనవాడు ఎవరేం చేస్తున్నారో చెబుతాడు. ఒక చెలికత్తె మోకాళ్ల మీద వంగి రాకుమారికి ఏదో అందిస్తోంది, మరుగుజ్జు కుక్కను తంతున్నాడు, చిత్రకారుడు ఆగి మనవైపు చూస్తున్నాడు.

ఇక అసలు మజా పైలెవెల్ వాళ్లకు. ఆ పెద్ద కాన్వాసు వీపే మనకు కనిపిస్తుంది. వెలాస్కెస్ దాని మీద ఏం గీస్తున్నాడు? రాజూరాణులనా? రాకుమారినా? ఈ బొమ్మనేనా? పండితులకే తేలలేదు, కాబట్టి ఎవరైనా ఊహించాల్సిందే. తెలుగులో మనం "రాజునే గీస్తున్నాడేమో" అంటాం, ఆ "ఏమో" ఒక్కటి తగిలిస్తే చాలు. స్పానిష్‌లో "కిసాస్" అని మొదలుపెట్టి క్రియ రూపాన్నే మార్చే వీలుంది: "కిసాస్ ఎస్తే పింతాందో ఆ లోస్ రేయెస్". ఎస్తా కాదు, ఎస్తే. దాన్నే సబ్జంక్టివ్ అని పేరుపెట్టి విద్యార్థులను హడలగొడతారు. ఈ కాన్వాసు ముందు అది మన "ఏమో"లాగే తేలిగ్గా అనిపించింది.

ట్యూటర్‌తో వెళ్లడంలో చిక్కులు లేకపోలేదు. ఒకసారి మేమిద్దరం ఒక బొమ్మ ముందు ఇరవై నిమిషాలు గుసగుసలాడుతుంటే గార్డు వచ్చి, ఇక్కడ లైసెన్సు లేని గైడ్లు చెప్పకూడదన్నాడు. నా ట్యూటర్ గైడు కాదని నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు. కొన్ని చోట్ల ఈ నియమం గట్టిగానే ఉంటుంది. వేలు ఎత్తి ఉపన్యాసం ఇస్తున్నట్టు కనిపించకుండా, పక్కపక్కన బెంచీ మీద కూర్చుని మాట్లాడుకోండి. బెంచీ ఉన్న గదినే ఎంచుకోండి, బొమ్మ రెండో ముఖ్యం. పేరుమోసిన బొమ్మల దగ్గరికి మాత్రం వెళ్లొద్దు. లూవ్ర్‌లో మోనాలిసా ముందు గుంపులో నిలబడి మీరు నేర్చుకునేది "పార్దోఁ" అనే ఒక్క మాట. ఆ బొమ్మను ఫ్రెంచ్‌వాళ్లు మోనాలిసా అనరు, "లా జొకోంద్" అంటారు. అది ఇక్కడే తెలుసుకున్నారు కాబట్టి ఆ క్యూ దాటేయండి.

ప్రాదోలో సాయంత్రం ఆఖరి రెండు గంటలు ప్రవేశం ఉచితం. చూడటానికి లాభమే, మాట్లాడటానికి నష్టం. జనం ఆ వేళకే వస్తారు. టికెట్ కొని పొద్దున్నే వెళ్లడం మేలు.

స్కెచ్ క్లాసు: ఎవరూ చెప్పని దారి

భాష అసలే రానివాళ్లకు ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. మ్యూజియంలో కూర్చుని పెన్సిల్‌తో గీసే క్లాసులో, ఆ దేశపువాళ్ల మధ్య, వాళ్ల భాషలో చేరండి. బొమ్మలు వేయడం రాకపోయినా ఫర్వాలేదు. టీచరు నోటి నుంచి వచ్చేవి అవే అవే పది పదిహేను మాటలు: చూడు, గీయి, ఇంకా ముదురుగా, తేలిగ్గా, పొడుగ్గా, ఇక్కడ ఆపు. అర్థం కాకపోతే పక్కవాడి చెయ్యి చూస్తే సరి. మాట, చెయ్యి, కన్ను ఒకేసారి పనిచేస్తాయి. చిన్నపిల్లలు భాష పట్టుకునేది కూడా పెద్దవాళ్లు ఇటు రా, అది ఇవ్వు అంటుంటే చేసుకుంటూనే కదా.

నోరు తెరవాల్సిన పని తక్కువ కాబట్టి బీ1 తర్వాత దీంతో పెద్దగా లాభం లేదు.

ఇంట్లో, స్క్రీన్ మీద

విమానం ఎక్కకుండా దొరికేది ఇదే, కాబట్టి తీసిపారేయలేం. 2011లో గూగుల్ ఆర్ట్ ప్రాజెక్ట్‌గా మొదలైంది ఇప్పటి గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియం 2012లో రైక్స్‌స్టూడియో పేరుతో తన బొమ్మలను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోనిచ్చింది. న్యూయార్క్ మెట్ మ్యూజియం 2017లో అదే పని చేసింది. లూవ్ర్ 2021లో 4,80,000కు పైగా వస్తువుల వివరాలు ఆన్‌లైన్‌లో పెట్టింది.

భాష కోసమైతే వీటిలో ఏది? స్పానిష్‌కి ప్రాదో సైటు, డచ్‌కి రైక్స్‌మ్యూజియం సైటు. ఒకే బొమ్మకు వివరణ ఆ భాషలోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. లూవ్ర్ వివరాలు పొడి పొడిగా, కొలతలతో, జాబితా ధోరణిలో ఉంటాయి, చదివితే నిద్రొస్తుంది. గూగుల్‌ది చూడటానికి అందంగా ఉంటుంది గానీ ఇంగ్లీషులోకి జారిపోవడం మరీ తేలిక. రైక్స్‌మ్యూజియం వాళ్లు రెంబ్రాంట్ "నైట్ వాచ్"ని 717 గిగాపిక్సెల్స్‌తో ఫొటో తీసి 2022లో బయటపెట్టారు. రంగు మీద పగుళ్లు కూడా లెక్కపెట్టొచ్చు. రాత్రి పన్నెండు దాకా జూమ్ చేస్తూ కూర్చున్నాను, డచ్ ఒక్క ముక్క రాలేదు.

స్క్రీన్‌తో వచ్చే చిక్కే అది. దానికి పాత మందు ఒకటుంది. 1658లో కొమీనియస్ అనే చెక్ పంతులు నూరెంబర్గ్‌లో ఒక బొమ్మల పుస్తకం అచ్చువేయించాడు. ప్రతి బొమ్మలో వస్తువుల మీద అంకెలు, పక్కన అవే అంకెలతో లాటిన్‌లోనూ జర్మన్‌లోనూ వాక్యాలు. అదే పని చేయండి. బొమ్మ ప్రింట్ తీసుకుని, కనిపించిన వాటి మీద అంకెలు వేసి, ఒక్కో అంకెకు పదం కాదు, పూర్తి వాక్యం రాయండి. ఇరవై వాక్యాలయ్యాక వీడియో కాల్‌లో ఆ భాష వచ్చిన మనిషికి బొమ్మ చూపకుండా వర్ణించండి. వాళ్లు విని గీయాలి. వాళ్లు గీసింది చూసినప్పుడు మీ వాక్యాల్లో ఏది ఎక్కడ తప్పిందో కళ్ల ముందే ఉంటుంది. నేను "కుర్చీ కింద పిల్లి" అన్నాననుకున్నాను, అవతలాయన పిల్లి మీద కుర్చీ వేశాడు.

ఏ భాషకు ఏ బొమ్మ

పద్ధతి ఎంచుకున్నంత శ్రద్ధగా బొమ్మను కూడా ఎంచుకోవాలి. నైరూప్య చిత్రాలు మొదట్లో వద్దు. నీలం, పెద్దది, గుండ్రం అన్నాక మాటలైపోతాయి. మనుషులు ఎక్కువగా ఉండి, ఏదో జరుగుతున్నట్టుండే బొమ్మ కావాలి.

డచ్ నేర్చుకునేవాళ్లకు బెర్లిన్ గెమేల్డెగాలరీలో బ్రూగెల్ 1559లో వేసిన సామెతల బొమ్మను మించింది లేదు. ఒకే ఊళ్లో వందకు పైగా సామెతలను మనుషుల చేత చేయించాడు. ఒకడు గోడకేసి తల బాదుకుంటున్నాడు. ఒకడు దూడ మునిగి చచ్చాక నుయ్యి పూడుస్తున్నాడు, ఈ సామెత డచ్‌వాళ్లు ఇప్పటికీ వాడతారు. మనమైతే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అంటాం. ఇంకొకడు పందుల ముందు గులాబీలు చల్లుతున్నాడు, మన గాడిదకూ గంధపు చెక్కకూ ఉన్న సంబంధమే. డచ్ స్నేహితుడితో ఈ బొమ్మ స్క్రీన్ మీద పెట్టుకుని కూర్చుంటే, ఒక్కోదానికి మన సామెత వెతికి వివరించడంలోనే రెండు సాయంత్రాలు గడిచిపోయాయి. డచ్ చిత్రాల్లోనే ఇంకోటి, వెర్మేర్ ముత్యం చెవిపోగు అమ్మాయి: "హెట్ మెయ్‌షె మెట్ డె పారెల్". అమ్మాయికి నపుంసక లింగం చూపే "హెట్" ఏంటని ఇంగ్లీషువాళ్లు తల పట్టుకుంటారు. చిన్నతనం చూపే ఆ "యె" తోక ఉన్న ప్రతి మాటకీ హెట్ వస్తుంది. అమ్మాయి వచ్చింది, బండి వచ్చింది అని ఒకే క్రియతో సరిపెట్టే మనకు అందులో వింతేముంది?

జర్మన్ నేర్చుకునేవాళ్ల తలనొప్పి విభక్తులు. హాంబుర్గ్ కున్స్ట్‌హాలెలో ఉన్న ఫ్రీడ్రిష్ బొమ్మ పేరే ఒక పాఠం: "దేర్ వాండరర్ ఊబర్ డేమ్ నేబెల్‌మేర్". కొండ అంచున ఒక మనిషి మనకు వీపు చూపి నిలబడ్డాడు, కింద పొగమంచు. "ఊబర్" అంటే పైన. నిలకడగా ఉన్నాడు కాబట్టి నేబెల్‌మేర్ ముందు మామూలుగా వచ్చే "దాస్" ఇక్కడ "డేమ్" అయింది. అదే ఒక పక్షి ఆ మంచు మీదుగా ఎగిరి అవతలికి పోతే "ఊబర్ దాస్". ఆ బొమ్మలో ఆయన కదలడు, అందుకే నాకు డేమ్ గుర్తుండిపోయింది. నేబెల్‌మేర్ అంటే మంచు అనే సముద్రం. సంసార సాగరంలాగే రూపక సమాసం, పదో తరగతి తెలుగు మాస్టారికి చెబితే సంతోషిస్తారు.

ఫ్రెంచ్‌కి మాగ్రిట్ 1929లో వేసిన పైపు బొమ్మ. కింద రాసి ఉంటుంది, ఇది పైపు కాదు అని: "సెసీ నే పాజ్యూన్ పీప్". మామూలుగా పలకని "పా" చివరి అక్షరం తర్వాతి అచ్చుతో కలిసి "జ్" అయింది. పైగా "నా దగ్గర పైపు లేదు" అన్నప్పుడు "యూన్" (ఒక) పోయి "దె" వస్తుంది, "ఇది పైపు కాదు" అన్నప్పుడు మాత్రం "యూన్" అలాగే నిలుస్తుంది. మనకు లేదు, కాదు అనేవి రెండూ వేరు మాటలు కాబట్టి ఈ తేడా తెలుగువాళ్లకు పట్టుబడటం తేలిక.

స్పానిష్‌లో గోయా 1799 నాటి "కాప్రిచోస్" అనే అచ్చు బొమ్మల వరుసలో 43వది చూడండి. ఒకాయన బల్ల మీద తల వాల్చాడు, వెనక గుడ్లగూబలు, గబ్బిలాలు. హేతువు "సువేన్యో" రాక్షసులను పుట్టిస్తుందని రాసి ఉంది. సువేన్యో అంటే నిద్రా, కలా? రెండూ. హేతువు నిద్రపోతే రాక్షసులు పుడతారా, హేతువు కనే కలల్లోంచి పుడతారా? తెలుగులో ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. బీ2 వాళ్లకు గంటసేపు వాదించుకోవడానికి ఈ ఒక్క మాట చాలు.

ఏ బొమ్మా నచ్చలేదా? లేబుళ్లు చదవండి. ప్రతి లేబుల్ మీదా అదే వరుస: పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు, బొమ్మ పేరు, దేనిమీద వేశారో. "ఉయిల్ స్యుర్ త్వాల్", "ఓలెఓ సోబ్రె లియెన్సో", "ఓలియో సు తేలా". అన్నీ కాన్వాసు మీద తైలవర్ణమే. ఒక గదిలో ముప్పై లేబుళ్లు చదివితే "మీద" అనే మాట ముప్పైసార్లు కంటబడుతుంది. పళ్లు, గిన్నెలు పెట్టి వేసిన బొమ్మను ఫ్రెంచ్, ఇటాలియన్‌వాళ్లు చచ్చిన ప్రకృతి అంటారు, జర్మన్, డచ్‌వాళ్లు కదలని జీవితం అంటారు. ఒకే గిన్నెను చూసి.

అయితే ఎవరు ఏది?

భాష అసలు రాదంటే స్కెచ్ క్లాసు, అది దొరక్కపోతే పిల్లల ఆడియో గైడ్. ఏ2, బీ1 మధ్య ఉంటే మూడు ప్రశ్నల పద్ధతిలో నడిచే క్లాసు, లేదా ఒక మనిషి తోడు. రెండూ అందుబాటులో ఉంటే మొదట క్లాసుకు నాలుగుసార్లు వెళ్లి, ఆ ప్రశ్నలు వంటబట్టాక, క్లాసు మానేసి స్నేహితుడితో వెళ్లండి. బీ1 దాటితే టూరు, రెండుసార్లు. ఊళ్లో ఆ భాషవాళ్లే లేకపోతే స్క్రీన్, కొమీనియస్ అంకెలు, వారానికి ఒక కాల్.

మీకు కావాల్సింది వంటింటి మాటలు, పనిముట్ల పేర్లు అయితే చిత్రాల మ్యూజియం వదిలేసి పాతకాలపు ఇళ్లు నిలబెట్టిన ఆరుబయలు మ్యూజియానికి వెళ్లండి. 1891లో తెరిచిన స్టాక్‌హోమ్ స్కాన్‌సెన్ అలాంటిదే. అక్కడ పాతకాలపు బట్టలేసుకుని రొట్టె కాల్చేవాళ్లు, గాజు ఊదేవాళ్లు మీరు అడిగితే జవాబు చెబుతారు. బొమ్మలోని పాలమ్మాయి చెప్పదు.

ఏ దారి ఎంచుకున్నా వెంట ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్ ఉండాలి. చాలా గ్యాలరీల్లో పెన్ను తీయనివ్వరు. విన్న కొత్త మాటలు రాసుకోకండి. చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మాటలు రాసుకోండి, తెలుగులోనే. నా పాత నోట్‌బుక్‌లో మొదటి పేజీలో "కొంగు", "ఓరగా", "పడేలా ఉంది", "చిరాకు" అని ఉన్నాయి. మూడోదానికి స్పానిష్‌లో ఏమంటారో తెలుసుకోవడానికి నాకు ముగ్గురు మనుషులు, రెండు బొమ్మలు పట్టాయి.